వరి ఆకుకీ కూలి కండకీ ఒకటే సత్తువ: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్ళు వదిలారంటే డెల్టాలో పని మొదలైనట్టే. ఇటు బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ కిందా, అటు గుంటూరు వైపు కొమ్మమూరు కాలవ కిందా ఆకుమళ్ళు పచ్చబడతాయి. దమ్ము చేస్తారు, ఆకు తీస్తారు, ఊడుస్తారు. ఈ మధ్య వెదజల్లే పద్ధతీ, యంత్రంతో నాటే పద్ధతీ వచ్చి కొన్నిచోట్ల ఊడ్పు కూలీలకు పని తగ్గింది. అయినా నడుం వంచి, బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ నాటే ఆడకూలీలు ఇప్పటికీ ఉన్నారు. పొద్దున వంగిన నడుం సాయంత్రానికి గానీ లేవదు.

ఊళ్ళల్లో తిరిగేటప్పుడు కూలీలూ చిన్న రైతులూ మమ్మల్ని రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతుంటారు. అదే పొలం, అవే చేతులు, మరి సార్వా కంటే దాళ్వా ఎందుకు ఎక్కువ పండుతుంది? ఇది మొదటిది. గింజలోకి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది రెండోది. ఈ రెండో ప్రశ్నకు మనలో చాలామంది మట్టి నుంచి, ఎరువు నుంచి అని జవాబు చెబుతారు. అది సగం నిజమే. మిగతా సగం ఆకాశంలో ఉంది. గింజలో ఉన్న బలం సూర్యుడి వెలుతురు. వరి ఆకు ఆ వెలుతురును పట్టి, మూటగట్టి గింజలో దాస్తుంది. ఆ గింజ తిన్న కూలి దాన్ని విప్పి మళ్ళీ పొలంలో ఖర్చు పెడతాడు.

పట్టిన వెలుతురు ముందుగా ఒక పదార్థంలో చేరుతుంది. కూలి కండలో పని చేసేదీ అదే పదార్థం. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. దాన్ని మొదట కండలో కనిపెట్టిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు మన డెల్టాలో పుట్టిన మనిషే. యల్లాప్రగడ సుబ్బారావు అనే పేరు పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మన పిల్లలు చదువుతారు. ఆయన చేసిన పనికీ మన మడికీ, మన ఒంటికీ ఉన్న సంబంధం మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ వారం ఆయన జీవితం రాస్తున్నాం.

భీమవరంలో పేద ఇల్లు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆ ఊరు గోదావరి కాలవల కిందిది. ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. కానీ 1904లో ఆ తాలూకాను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా అది కృష్ణాలోనే ఉంది. కాబట్టి సుబ్బారావు చదువుకున్నదీ, దేశం విడిచి వెళ్ళిందీ కృష్ణా జిల్లావాడిగానే. జిల్లాల గీతలు ఎవరో గీస్తారు, మారుస్తారు. ఏలూరు కాలవ మాత్రం అప్పుడూ ఇప్పుడూ రెండు డెల్టాలనూ కలిపే ఉంచింది.

తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఒంట్లో బాగోక ముందుగానే ఆ ఉద్యోగం మానుకున్నారు. తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడు. వైరాగ్యంతో కాదు. కాశీకి వచ్చే యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని. తల్లి దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. పేదింటి పిల్లవాడు బడి మాని పనికి పోవడం అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

తండ్రి పోయాక చదువు భారమంతా తల్లి మీద పడింది. ఒంటిమీది నగలు అమ్మి ఆమె కొడుకును చదివించింది. అయినా మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఇక చదువు నీకెందుకురా అని పనిలో పెట్టే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. రెండుసార్లు తప్పిన కుర్రాడే రేపు ప్రపంచానికి పాఠం నేర్పాడు.

ఖద్దరు గౌనుకు శిక్ష

మద్రాసులో ఆయనకు రామకృష్ణ మఠంతో పరిచయమైంది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. వైద్యం చదువుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సాయం చేశారు.

అవి సహాయ నిరాకరణ రోజులు. విదేశీ గుడ్డ మానమని గాంధీజీ పిలుపిచ్చారు. సుబ్బారావు ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ పట్టా ఇవ్వకుండా, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దాంతో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దారి మూసుకుపోయింది. ఒక పరాయి ప్రభుత్వం ఒక గుడ్డముక్కకు ఎంత భయపడిందో ఇక్కడ గమనించాలి.

ఇంతలో ఇంటి మీద పిడుగుపడింది. ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూ అనే జబ్బుకు స్వల్ప వ్యవధిలో ఇద్దరు అన్నదమ్ములు బలైపోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరశాస్త్రం చెప్పారు. కానీ ఈ జబ్బుకు అసలు కారణమేంటి, మందేంటి అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. దానికి జవాబు వెతుక్కోవాలంటే ప్రయోగశాలలు కావాలి. అవి ఇక్కడ లేవు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత సాయం చేయగా ఓడెక్కారు. 1923 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. గర్భవతి అయిన భార్యను ఇక్కడే విడిచి వెళ్ళారు. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. శేషగిరి గారు మళ్ళీ భర్తను చూడలేదు. పెద్దవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఇంట్లో మిగిలిపోయిన ఆడవాళ్ళను ఒక వాక్యంలో దాటేయడం మన అలవాటు. ఆమె చేసిన త్యాగం ఆయన కీర్తిలో చిన్న భాగం కాదని మాత్రం చెప్పదలిచాం.

రాత్రి పాకీపని, పగలు ప్రయోగం

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. మన దేశపు పట్టా అక్కడ చెల్లలేదు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రి కూలీగా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి, పొద్దునే తరగతికి వెళ్ళేవారు. చదువుకున్న బ్రాహ్మణ యువకుడు చేయరాని పని అని ఇక్కడ ఊళ్ళో అనుకునే పనిని ఆయన అక్కడ చేశారు. పనిలో నీచం లేదని ఉపన్యాసం ఇవ్వడం వేరు, చేసి చూపించడం వేరు.

డిప్లొమా అయ్యాక అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. అప్పటి సమస్య భాస్వరం. రక్తంలో, మూత్రంలో, కండలో భాస్వరం ఎంత ఉందో తేలిగ్గా కొలిచే పద్ధతి లేదు. 1925లో ఫిస్కే, సుబ్బారావు ఒక పద్ధతి ప్రకటించారు. భాస్వరం ఉన్న ద్రావకానికి మాలిబ్డినం లవణమూ, మరో పదార్థమూ కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఈ పద్ధతి ఏళ్ళ తరబడి నడిచింది. మీ పొలం మట్టిని భూసార పరీక్షకు పంపితే భాస్వరం కొలిచేది కూడా ఈ కోవకే చెందిన నీలిరంగు పద్ధతితోనే.

కొలబద్ద దొరికాక కండను కొలవడం మొదలెట్టారు. 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని బయటపెట్టారు. కండ పని చేస్తే అది విరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ కట్టుకుంటుంది. అప్పటిదాకా కండ కదలడానికి కారణం ల్యాక్టిక్ ఆమ్లమని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ నమ్మకం కూలింది. 1929లో ఏటీపీని కండ నుంచి వేరుచేసి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టారు. ఆయన వ్యాసం కొద్ది వారాల ముందు అచ్చయింది. అందుచేత ఈ ఘనత మనవాడొక్కడిదే అనడం సరిగాదు, మనవాడిది కాదనడమూ సరిగాదు.

ఆకులో జరిగే పని

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. సుబ్బారావు ఆకుల మీద పరిశోధన చేయలేదు. ఆయన పని చేసింది కండ మీద. ఏటీపీకి ఆకుతో ఉన్న సంబంధం ఆయన పోయాక బయటపడింది. 1954లో కాలిఫోర్నియాలో డేనియల్ ఆర్నన్ బృందం పాలకూర ఆకులోంచి పచ్చని రేణువులను వేరుచేసి వాటి మీద వెలుతురు వేసింది. ఆ రేణువులు ఏటీపీని తయారు చేశాయి. కండలో దొరికిన పదార్థమే ఆకులో వెలుతురుతో పుడుతోందని అప్పుడు తేలింది.

ఆ పని ఎట్లా జరుగుతుందో మన భాషలో చెప్పుకుందాం. వరి ఆకు పచ్చగా ఉండేది పత్రహరితం వల్ల. అది వెలుతురులోని ఎరుపునూ నీలాన్నీ మింగుతుంది, పచ్చదనాన్ని పెద్దగా మింగదు. అందుకే మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. పత్రహరితం అణువులు వందల కొద్దీ ఒకచోట గుంపుగా ఉంటాయి. ఏ ఒక్కదాని మీద వెలుతురు పడ్డా ఆ శక్తిని పక్కదానికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. చెరువు పూడిక తీసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి మట్టి తట్టను చేతులు మార్చుకున్నట్టు. చివరికది గుంపు నడుమ ఉన్న కేంద్రానికి చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కాలంలో అయిపోతుంది.

కేంద్రంలో ఆ దెబ్బకు ఒక ఎలక్ట్రాను ఎగిరిపడుతుంది. ఖాళీ అయిన చోటును నింపుకోవడానికి ఆకు నీటిని చీలుస్తుంది. నీటిలోని ప్రాణవాయువు బయటికి పోతుంది. మనం పీల్చే గాలి అదే. ఎగిరిన ఎలక్ట్రాను మెట్టు మెట్టుగా దిగుతూ పోతుంటే, ఆ శక్తితో హైడ్రోజన్ అయాన్లు రేణువు లోపలున్న సన్నని సంచుల్లోకి తోసుకుపోయి పోగుపడతాయి.

బ్యారేజీ వెనక నీళ్ళు నిలబడినట్టు ఆ అయాన్లు సంచిలో నిలబడతాయి. బయటికి పోవడానికి వాటికి లాకు లాంటి దారి ఒకటే ఉంది. ఆ దారిలో ఒక చక్రం ఉంది. అయాన్లు దూసుకుపోతుంటే చక్రం సెకనుకు వంద పైచిలుకు చుట్లు తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా రెండు భాస్వరాలున్న పదార్థానికి మూడో భాస్వరాన్ని అతికిస్తుంది. అదే ఏటీపీ. నీటి మట్టం తేడాతో చక్రం తిప్పడం కాలవల కింద బతికే మనకు కొత్తగాదు. కానీ 1961లో పీటర్ మిచెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఈ సంగతి ప్రతిపాదిస్తే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. చక్రం తిరిగే తీరును విప్పిచెప్పిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో ఇచ్చారు.

ఇట్లా పుట్టిన ఏటీపీ, దానితోపాటు వెలుతురు తయారుచేసిన మరో పదార్థమూ కలిసి, ఆకు పీల్చిన బొగ్గుపులుసు వాయువును చక్కెరగా కడతాయి. ఒక్కో బొగ్గుపులుసు వాయువు అణువుకు మూడు ఏటీపీలు ఖర్చు. ఆ చక్కెర పిండిగా మారి గింజలో చేరుతుంది. అంటే బియ్యపు గింజ బరువులో మట్టి నుంచి వచ్చింది చాలా కొద్ది. ఎక్కువ భాగం గాలీ నీరూ. వాటిని కట్టిన తాడు వెలుతురు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది గదా. సార్వా పొట్ట పోసుకునే రోజుల్లో మబ్బులు, ముసురు. దాళ్వాకు నిర్మలమైన ఆకాశం. నీళ్ళు అందితే దాళ్వా ఎక్కువ పండడానికి ముఖ్య కారణం ఆ వెలుతురే. వెన్ను పైనుండే పోటాకు, దాని కిందున్న ఒకటి రెండు ఆకులూ గింజకు చాలావరకు పాలు పోస్తాయి. ఆకుముడత పురుగు ఆకులోని పచ్చదనాన్ని గోకి తిని తెల్లచారలు చేసిందంటే మన వెలుతురు వలకు చిల్లి పడిందన్నమాట. నత్రజని లేకపోతే పత్రహరితం కట్టుకోదు, ఆకు పసుపుబారుతుంది. భాస్వరం చాలకపోతే ఏటీపీకే కొరత. పైరు గిడసబారి పిలకలు తక్కువేస్తుంది. అట్లాగని భాస్వరం ఏటా గుమ్మరించడమూ తప్పే. చాలా కాలంగా వేస్తూ వచ్చిన పొలాల్లో అది నిల్వ ఉండొచ్చు. పరీక్ష చేయించి అవసరమైనంతే వేస్తే కౌలు రైతుకు అప్పు కొంతైనా తగ్గుతుంది.

రెండో సంగతి మన ఒంటిది. మనిషి ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ సుమారు వంద గ్రాములకు మించి ఉండదు. కానీ అది విరిగి కట్టుకుంటూ, కట్టుకుని విరుగుతూ రోజు మొత్తం మీద మనిషి బరువంత తయారై ఖర్చవుతుంది. కష్టపడి పనిచేసేవాళ్ళకు ఇంకా ఎక్కువ. అన్నం తినకుండా పొలంలో దిగమన్నవాడు, గింజ నింపని ఆకును వెలుతురు పట్టమన్నట్టే మాట్లాడుతున్నాడు. కూలిరేటు గురించి వాదించేటప్పుడు ఈ లెక్క కూడా లెక్కే.

హార్వర్డ్ ఇవ్వని కుర్చీ

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. 1930లో డాక్టరేటు ఇచ్చారు, కుర్చీ ఇవ్వలేదు. అదే ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక సంగతి చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ ఆయన చెప్పిన దాని సారం. తనకు రావాల్సిన పేరు కోసం సుబ్బారావు గొడవ పడిన మనిషి కాదు. కానీ గొడవ పడనివాడికి పేరు దక్కదన్నది కూడా నిజం.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. తర్వాత పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. అక్కడ ఎనిమిదేళ్ళలో ఆయన నడిపిన బృందాలు చేసిన పని ఒక మనిషి జీవితానికి ఎక్కువే.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైంది. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించింది. గర్భంతో ఉన్నవాళ్ళు రక్తం లేక చనిపోతుంటే, అది తిండిలో ఏదో కొరత వల్లేనని కనిపెట్టింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు అది మందు. ఇరవై ఏళ్ళు ఆయన వెంటాడిన జవాబు ఆకులో ఉంది. మన దేశంలో 1970 నుంచి గర్భిణులకు ఇనుముతోపాటు ఇచ్చే మాత్రలో ఉన్నది అదే.

రెండోది హెట్రజాన్, అంటే డైఇథైల్ కార్బమజైన్. బోదకాలు మందు. బోదకాలంటే డెల్టావాళ్ళకు పుస్తకం తెరవక్కర్లేదు. మురుగులో పెరిగే దోమ కుట్టి, కంటికి కనపడని పురుగులు ఒంట్లో చేరి, కాలు ఏనుగు కాలవుతుంది. కాలు వాచిన కూలిని ముఠాలోకి పిలవరు. తరాల తరబడి మన జనం ఈ జబ్బుతో బాధపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఇది సోకాక అక్కడ మందు వెతుకులాట జోరందుకుంది. భీమవరం మనిషి నాయకత్వాన ఉన్న ప్రయోగశాలలో 1947లో ఆ మందు బయటికొచ్చింది. 2004 నుంచి మన ప్రభుత్వం బోదకాలు ఉన్న జిల్లాల్లో సామూహికంగా పంచిన మాత్ర ఇదే.

మూడోది క్యాన్సరు మందులు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాలను తయారుచేశారు. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బును వెనక్కి తగ్గించగలిగినట్టు 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సరుకూ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది. ఉద్యోగం విరమించిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ డెబ్భయ్యేళ్ళ వయసులో ఆ కంపెనీలో చేరి, మిస్సోరి రాష్ట్రంలో ఒక గడ్డి మడి మట్టిలోంచి దాన్ని పట్టారు.

పేరు ఎవరిది, ఫలం ఎవరిది

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయారు. వయసు యాభై మూడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. 1923లో ఓడెక్కిన మనిషి మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. అమెరికా పౌరసత్వమూ లేకుండానే పోయారు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక బూజు జాతికి 1953లో ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది.

కంపెనీలో ఉద్యోగి కనిపెట్టిన మందు మీద హక్కు కంపెనీదే. ఆయనకు దక్కింది జీతం. ఈ ఏర్పాటు కూలి పండించిన ధాన్యం ఎవరి గాదెలోకి పోతుందో తెలిసినవాళ్ళకు కొత్తగాదు. కానీ ఇందులో మేము చూసే సంగతి మరొకటుంది. హక్కులు ఎవరివైనా, తెలిసిన విషయం మాత్రం జనానిదవుతుంది. పేటెంట్లకు గడువు తీరుతుంది. ఫోలిక్ మాత్రకూ బోదకాలు మాత్రకూ ఇప్పుడు పైసల్లో ఖర్చు. అవి అందరికీ అందించాలా లేదా అన్నది శాస్త్రం తేల్చేది కాదు, మనం అడిగి తేల్చుకోవాల్సింది.

అందుకే కార్యకర్తలకు మా విన్నపం. ఊడ్పుల రోజుల్లో గర్భిణి కూలీలకు ఇనుము, ఫోలిక్ మాత్రలు అందుతున్నాయో లేదో ఆరోగ్య ఉపకేంద్రంలో అడగండి. అందితే మింగుతున్నారో లేదో చూడండి. బోదకాలు మాత్రలు పంచినప్పుడు గర్భిణులకూ, రెండేళ్ళ లోపు పిల్లలకూ, జబ్బుతో మంచాన ఉన్నవాళ్ళకూ తప్ప మిగతా అందరిచేతా మింగించండి. ఒకరిద్దరు మానేసినా దోమ వాళ్ళనే వెతుక్కుంటుంది. మాత్రతోపాటు వాడల్లో మురుగు కాలవలు తీయించమని పంచాయతీని నిలదీయండి. దోమను వదిలి మనిషికి మాత్ర ఇవ్వడం గండి వదిలి నీళ్ళు తోడడం లాంటిది.

రాత్రి బడుల్లో, కూలిపేటల్లో పిల్లలకు ఈ కథ చెప్పండి. రెండుసార్లు పరీక్ష తప్పిన భీమవరం కుర్రాడి సంగతీ, నగలమ్మిన తల్లి సంగతీ చెప్పండి. మర్నాడు పొలానికి తీసుకెళ్ళి ఒక వరి ఆకు కోసి వెలుతురుకు అడ్డంగా పట్టి చూపించండి. ఆ పచ్చదనంలో చక్రం తిరుగుతోందని చెప్పండి. అమ్మ నడుం వంచి నాటేటప్పుడు ఆమె కండలోనూ అదే పదార్థం విరిగి కట్టుకుంటోందని చెప్పండి. వెలుతురు ఆకుది, శ్రమ కూలిది. ఈ రెండూ లేకుండా ఏ గాదే నిండదు.